కెమెరా చుక్కలా, గుమ్మటం చుక్కలా?

కొత్త కెమెరా కొనబోయే పిల్లలంతా నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "అంకుల్, ఎన్ని మెగాపిక్సెల్స్ ఉంటే మంచిది?" నేను జవాబుగా నా చిటికెనవేలి గోరు చూపిస్తాను. తర్వాత ఒక తపాలా బిళ్ళ చూపిస్తాను. ఆ తర్వాత డ్రాయర్లోంచి పాత ఫిల్ము ముక్క ఒకటి తీసి పక్కన పెడతాను. వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటారు. ముసలాయనకి చాదస్తం అనుకుంటారు కాబోలు. ఉంది, కాదనను. అది నాకు ఎక్కడ అంటుకుందో చెబుతాను. ఓపిక ఉంటే వినండి, లేకపోతే షాపువాడు ఏది చేతిలో పెడితే అదే కొనుక్కోండి.

నా ఉద్యోగమంతా ఢిల్లీలోనే, ఒక చిన్న ప్రభుత్వ విభాగంలో ఫోటోగ్రాఫర్‌గా గడిచింది. దాని పేరు చెప్పినా మీరు విని ఉండరు. కోటలూ మినార్లూ చూసుకోవడానికి వేరే పెద్దవాళ్ళున్నారు. మా వంతుకి వచ్చేవి ఎవరూ పట్టించుకోని చిన్న సమాధులు, పూడిపోయిన బావులు, సగం కూలిన ద్వారాలు. ఢిల్లీలో వాటికేం కొదవ? ఒక పక్క పాల బూత్, ఇంకో పక్క ఇస్త్రీ బండి, మధ్యలో ఎవరిదో తెలియని గుమ్మటం. మరమ్మతుకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఫోటోలు తీసి భద్రపరచడం నా పని.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకి, ఫిల్ము కడిగే మా డార్క్‌రూమ్‌కి తాళం పడింది. దాని బదులు జేబులో పట్టే డిజిటల్ కెమెరాలు వచ్చాయి. మా ఆఫీసరు సివిల్ ఇంజినీరు, కాన్పూర్ మనిషి. చెడ్డవాడు కాదు, కానీ శుభ్రత పిచ్చి. టేబుల్ మీద పెన్నులు కూడా ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. నేను కాస్త పెద్ద కెమెరా కొనిపించమని అడిగితే, ఆయన రెండు కంపెనీ కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. "రెండింటి మీదా మెగాపిక్సెల్స్ అంకె ఒకటే. ఇది జేబులో పడుతుంది, అది మెడ విరుస్తుంది. ఠీక్ హై, చిన్నదే తీసుకుందాం" అన్నాడు. ఆ లెక్కకి నా దగ్గర జవాబు ఉంది. కానీ అది ఆఫీసులో చెల్లే జవాబు కాదు.

ఆ జవాబు మీకు చెబుతాను. వానలో ఒక గ్లాసునీ ఒక గంగాళాన్నీ పక్కపక్కన పెట్టండి. జోరువాన అయితే రెండూ నిండుతాయి, పేచీ లేదు. ఎండలో తీసిన ఫోటోలు అలాంటివే. చిన్న కెమెరా పెద్ద కెమెరా అన్న తేడా చాలామందికి తెలియదు. కానీ సన్నటి తుంపర పడిందనుకోండి, గంగాళం అడుగున నీళ్ళు కనిపిస్తాయి, గ్లాసు అడుగున కాస్త తడి ఉంటుంది. ఆ తడి వానదో, గ్లాసు కడిగినప్పుడు మిగిలిందో చెప్పలేం. చీకట్లో వెలుగు ఆ తుంపర లాంటిది. కెమెరాలో దాన్ని పట్టే బిళ్ళే సెన్సర్. మా ఆఫీసు కెమెరాలో అది చిటికెనవేలి గోరులో సగం ఉండేది. చీకటి గదిలో ఫోటో తీస్తే ఆవగింజలు చల్లినట్టు ఎర్రవీ పచ్చవీ తెల్లవీ చుక్కలు వచ్చేవి. అవి గదిలో ఉన్నవి కావు, కెమెరా కడుపులోంచి వచ్చినవి.

మా ఆఫీసరు ఆ చుక్కలు చూసి ఓర్చుకోలేకపోయేవాడు. ప్రింటు మీద ఎర్ర పెన్సిలుతో ఒక్కొక్కదాని చుట్టూ సున్న చుట్టి, "యే దానే సాఫ్ కరో, భాయ్" అని, అంటే ఈ గింజలు తుడిచెయ్యమని, వెనక్కి పంపేవాడు. దాంతో మా విభాగంలో ఒక పద్ధతి ఏర్పడిపోయింది. కార్డులోంచి కంప్యూటర్లోకి ఎక్కించిన ప్రతి ఫోటోనీ చుక్కలు తుడిచే సాఫ్ట్‌వేర్ గుండా పంపాకే ప్రింటు తీయాలి. ఒక్క నొక్కుతో చుక్కలు మాయమయ్యేవి, గోడలు నున్నగా మెరిసిపోయేవి. మా ఫోటోలంత శుభ్రంగా ఇంకెవరి ఫోటోలూ ఉండవని మేమంతా మురిసిపోయేవాళ్ళం.

ఆ రోజుల్లోనే జియా సరాయ్ వెనక సందుల్లో ఉన్న ఒక చిన్న గుమ్మటం మా చేతికొచ్చింది. కింద చదరంగా ఒకే గది, దక్షిణాన ఒక్క ద్వారం, పైన గుమ్మటం. ఎవరి సమాధో చెప్పే రాయి లేదు. దేశ విభజన తర్వాత కొన్ని కుటుంబాలు అందులోనే కాపురాలు పెట్టి, పొయ్యిలు వెలిగించి వండుకున్నాయట. లోపలి గుమ్మటమంతా మసి పట్టి బొగ్గులా ఉంది. టార్చి వేసి చూసినా నల్లగా మెరవడం తప్ప ఏమీ కనిపించదు. కరెంటు లేదు. మా నిచ్చెన గోడ పైఅంచు దాకానే అందుతుంది. కాలనీ పెద్దలు దాన్ని బాగు చేయించి, కోచింగ్ పిల్లలు కూర్చుని చదువుకునేందుకు ఇవ్వమన్నారు. మసి గీకేసి, గచ్చు పట్టడానికి గుమ్మటమంతా ఉలితో గాట్లు కొట్టి, తెల్లటి కొత్త సున్నపు గచ్చు వేయాలన్నది ప్లాను. దానికి ముందు లోపల అలంకరణ ఏమీ లేదని ఒకరు సంతకం చేయాలి.

ఆ సంతకం చేయాల్సింది మా విభాగంలో నేను కాక ఉన్న ఒకే ఒక్క తెలుగు మనిషి. వరంగల్ నుంచి వచ్చిన ఆర్కిటెక్టు అమ్మాయి, ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగం. సరోజినీ నగర్‌లో మా క్వార్టర్ పక్క వరసలో గది తీసుకుని ఉండేది. మా ఆవిడ గోంగూర చేస్తే ఆ వాసనకే వచ్చేది. మాట నెమ్మది, పట్టుదల మాత్రం మొండి.

నేను గుమ్మటం ఫోటోలు కంప్యూటర్లోకి ఎక్కిస్తుంటే ఆమె పక్కనే నిలబడి చూస్తోంది. ఇంకా తుడవలేదు. తెర నిండా చుక్కలు.

"సార్, కొంచెం ఆగున్రి. ఈ తెల్లవి చూడున్రి. వరసలో ఉన్నట్టు లేవా?"

"అవి కెమెరా చుక్కలమ్మా. చీకట్లో తీస్తే ఎప్పుడూ వచ్చేవేగా."

"ఎర్రవి, పచ్చవి ఎక్కడ పడ్తే అక్కడ ఉన్నయి. తెల్లవి మాత్రం గుండ్రంగ తిరిగినట్టున్నయి సార్. నాకైతే ఏదో ఉన్నదనే అనిపిస్తుంది."

నేను కళ్ళద్దాలు సర్దుకుని చూశాను. ఉన్నట్టే ఉంది, లేనట్టూ ఉంది. మబ్బులో ఏనుగుని చూసినట్టు, మనిషి కన్ను ఏది కావాలంటే అది గీసుకుంటుంది కదా. ఆ మాటే ఆమెకి చెప్పాను. ఆమె కాదనలేదు, ఒప్పుకోనూ లేదు. నేను తుడిచే బటన్ నొక్కితే తెల్లవీ ఎర్రవీ అన్నీ కలిసి పోయాయి, నున్నటి నల్ల గుమ్మటం మిగిలింది. ఆమె ఉలిక్కిపడింది.

"ఉన్నయో లేవో తెల్వకముందే పోయినయి కద సార్!"

ఆఫీసరు దగ్గరికి వెళ్ళాం. ఆయన తుడిచిన ప్రింటు చూసి, "ఎంత సాఫ్‌గా ఉంది. ఇందులో అలంకరణ ఎక్కడుంది?" అన్నాడు. తుడవనిది చూపిస్తే మొహం చిట్లించి ఎర్ర పెన్సిల్ అందుకున్నాడు. కాంట్రాక్టరు మనుషులు సోమవారం వస్తారని, ఆ రోజు పొద్దున్నకి సంతకం తన టేబుల్ మీద ఉండాలని చెప్పాడు. ఆమె కాంట్రాక్టు పొడిగింపు కూడా ఆ నెలలోనే ఉందని ఆయన అనలేదు, అనక్కర్లేదు కూడా.

బయటికొచ్చాక ఆమె మెట్ల మీద కూర్చుంది. "ఎట్ల పెడ్త సార్ సంతకం? ఒక్కసారి ఉలి పడ్డంక మల్ల రాదు. రేపు అక్కడ ఏమో ఉండె అని తెలిస్తే, లేదని చెప్పింది నేనే అయిత. పెట్టకపోతే ఇంటికి పోవుడే."

అప్పుడు నాకు ఒక ఉపాయం తట్టింది. చుక్కలు కెమెరావైతే కెమెరాతోపాటే తిరుగుతాయి. గుమ్మటానివైతే గుమ్మటంతోనే ఉండిపోతాయి. అందుకని అదే చోట, అదే ఎత్తున కెమెరాని పక్కకి తిప్పి ఇంకో ఫోటో తీస్తే తేలిపోతుంది. ఆ సాయంత్రమే వెళ్ళి ఆఫీసు కెమెరాతో అలాగే తీశాం. ఫలితం తలనొప్పి. కొన్ని చుక్కలు తిరిగాయి, కొన్ని తిరగలేదు, కొన్ని రెండో ఫోటోలో లేనే లేవు. మిగిలింది గ్లాసు అడుగున తడి.

గంగాళం కావాలి. అది నాకు తెలిసినవాళ్ళలో ఒక్కడి దగ్గరే ఉంది. డార్క్‌రూమ్‌లో నా పక్కన ఏళ్ళ తరబడి ప్రింట్లు కడిగి, ప్రభుత్వ ఉద్యోగం వదిలేసి ఘాజియాబాద్‌లో పెళ్ళిళ్ళ ఫోటోలు తీసుకుంటున్న పంజాబీ మిత్రుడు. వాడు వెళ్ళిపోయినప్పుడు కళాకారుడు కాస్తా పూలదండల పాలయ్యాడని మేమంతా నవ్వాం. ఇప్పుడు మేము గోరంత సెన్సర్లతో కుస్తీ పడుతుంటే, వాడు ఫిల్ము సైజు సెన్సర్ ఉన్న కెమెరాతో పెళ్ళికూతుళ్ళ ముక్కుపుడకలు తీస్తున్నాడు.

ఫోన్ చేస్తే వాడు నవ్వీ నవ్వీ దగ్గాడు. "ఏం గురూగారూ, సర్కారు దగ్గర కెమెరా లేదా?" ఆ 'గురూగారూ' ఒక్కటే నా దగ్గర నేర్చుకున్న తెలుగు, మిగిలిందంతా హిందీ. "కెమెరా ఇవ్వను. మా ఆవిడనైనా పుట్టింటికి పంపిస్తాను కానీ దాన్ని చెయ్యి దాటనివ్వను. నేనే వస్తాను. ఆదివారం పొద్దున్న. మధ్యాహ్నానికి నాకు బారాత్ ఉంది, పెళ్ళికొడుకు గుర్రం ఎక్కే టైముకి నేను అక్కడ ఉండాలి."

ఆదివారం పొద్దున్న లేచి తలుపు తీస్తే ఎదురు క్వార్టర్ కనిపించలేదు. జనవరి పొగమంచు. మా పనికి కావాల్సిన వెలుగు ఇచ్చేదేమో ఎండే. దక్షిణ ద్వారంలో పడే చలికాలపు ఎండ కింద తెల్లటి దుప్పటి పరిస్తే, దాని మీంచి లేచిన మెత్తటి వెలుగు గుమ్మటం దాకా వెళుతుంది. ఫ్లాష్ వేస్తే మసి అద్దంలా మెరిసి అన్నీ చెడిపోతాయి. ఇది గుహలూ గుళ్ళూ తీసే పాతకాలం వాళ్ళంతా చేసేదే. మా ఆవిడ బీరువాలోంచి కొత్త దుప్పటి తీసి ఇస్తూ, "మట్టి చేసుకొస్తే మీరే ఉతకాలి" అని ముందే చెప్పింది.

సమాధి దగ్గర నేనూ, ఆ అమ్మాయీ, మా పంజాబీ మిత్రుడూ దుప్పటి పరిచి, టీ తాగుతూ కూర్చున్నాం. ఎండ లేదు. దుప్పటి కూడా బూడిదరంగులో ఉంది. ఆ అమ్మాయి శాలువా కప్పుకుని ద్వారంలో నిలబడి ఆకాశం వైపే చూస్తోంది. మా వాడు గడియారం చూసుకోవడం మొదలుపెట్టాడు. "దీదీ, దూల్హా ఆగినా వాళ్ళ నాన్న ఆగడు" అన్నాడు. ఆమె నవ్వబోయి నవ్వలేకపోయింది. మా వాడు సంచి సర్దుకోవడానికి లేచాడు కూడా.

అంతలో దుప్పటి అంచు తెల్లబడింది. ముందు ఒక మూల, తర్వాత సగం, తర్వాత మొత్తం. గదిలో వెలుగు నేల మీంచి పైకి లేచింది. గుమ్మటం మాత్రం మా కళ్ళకి అప్పుడూ నల్లగానే ఉంది.

మా వాడి దగ్గర రెండు కెమెరాలున్నాయి. కంగారులో చేతికందింది రెండోది, తపాలా బిళ్ళంత సెన్సర్ ఉన్నది. వెడల్పు లెన్సు తగిలించి, కెమెరాని నేల మీద వెల్లకిలా పెట్టి తీశాడు. చుక్కలు చాలా తగ్గాయి. కానీ గుమ్మటం అంచులు ఫోటోలో పట్టలేదు, మధ్య భాగం మాత్రమే వచ్చింది. చిన్న సెన్సర్‌తో అదే గొడవ. లెన్సు గది మొత్తం చూపిస్తున్నా, బిళ్ళ చిన్నది కాబట్టి నడిమి ముక్కనే పట్టుకుంటుంది. అప్పుడు అదే లెన్సు తీసి పెద్దదానికి తగిలించాడు. నేను చెయ్యి తగలకుండా పక్కకి జరిగి కూర్చున్నాను. షట్టర్ తెరుచుకుంది. కన్ను పట్టలేని వెలుగుని బొట్టుబొట్టుగా పోగుచేసుకుని, ఎంతసేపటికో మూసుకుంది.

వెనక తెర మీద బొమ్మ వచ్చింది. ముగ్గురం తలలు ఒక్కచోట చేర్చాం.

నల్లటి మసి కింద లోతుగా నీలం. ఆ నీలం మీద తెల్లటి చిన్న చుక్కలు, గుండ్రటి వరసల్లో, ఒక వరస లోపల ఇంకోటి, పైకి పోయేకొద్దీ చిన్నవవుతూ నడినెత్తిన ఒక పువ్వు దాకా. ఆకాశం. ఎవరో ఒక మనిషి కూర్చుని గీసిన ఆకాశం. దాని కింద ఎన్నో కుటుంబాలు వండుకుని, తిని, పడుకుని, పిల్లల్ని కని, ఒక్కసారీ చూడకుండా వెళ్ళిపోయాయి. నేను తల ఎత్తి చూశాను. నల్లగా ఉంది. తెర చూశాను. ఆకాశం ఉంది. మళ్ళీ తల ఎత్తాను. నా ఉద్యోగంలో ఎన్నో వేల ఫోటోలు తీసి ఉంటాను, కెమెరా అంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది.

"తిప్పున్రి సార్," అంది ఆమె. "తిప్పి ఇంకోటి తీయున్రి. కెమెరావే అయితే ఇప్పుడే తెల్వాలె."

ఆ అమ్మాయి మీద గౌరవం అప్పుడు రెట్టింపైంది. కావాల్సింది కళ్ళెదురుగా ఉన్నా ఆమె పరీక్ష మానలేదు. మా వాడు కెమెరాని పక్కకి తిప్పి మళ్ళీ తీశాడు. రెండో ఫోటోలో చుక్కలన్నీ గుమ్మటంతోనే ఉన్నాయి. ఒకటి రెండు తుంటరివి మాత్రం కెమెరాతోపాటు తిరిగాయి, ఎంత పెద్ద సెన్సర్‌కైనా ఆ మాత్రం ఉంటాయి. ఆమె గోడకి ఆనుకుని కూర్చుని ఏడ్చేసింది. మా వాడు ఏం చేయాలో తోచక, పెళ్ళికూతుళ్ళ కోసం జేబులో ఉంచుకునే రుమాలు తీసి ఇచ్చాడు. తర్వాత కెమెరా సంచిలో పెట్టుకుంటూ గుమ్మటం వైపు చూసి చేతులు జోడించాడు. బారాత్‌కి ఆలస్యమైందని తర్వాత తెలిసింది. దూల్హా వాళ్ళ నాన్న చాలాసేపే తిట్టాడట.

సోమవారం పొద్దున్న తుడవని ప్రింట్లు రెండూ పెద్దవి చేయించి ఆఫీసరు టేబుల్ మీద పెట్టాం. ఆయన అలవాటుగా ఎర్ర పెన్సిల్ తీశాడు. ఆమె హిందీలో నెమ్మదిగా, "సర్, ఒకదాన్ని తిప్పి రెండోదాని పక్కన పెట్టండి" అంది. ఆయన తిప్పాడు. చుక్కా చుక్కా కలిశాయి. ఇంజినీరు కదా, ఇంకా నమ్మలేదు. భూతద్దం తీసి ఒక వరస పట్టుకుని చూపుడువేలితో చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. చుక్కల మధ్య ఎడం ఒక్కలా ఉంది. అలా తిరుగుతూ తిరుగుతూ ఒకచోట ఆగిపోయాడు. అక్కడ నాలుగైదు చుక్కలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టు ఇరుకిరుగ్గా ఉన్నాయి.

ఆయన మొహం మారింది. ఎప్పుడూ చూడని నవ్వొకటి వచ్చింది.

"అరే! చుట్టూ తిరిగి మొదటికి వచ్చేసరికి చోటు చాల్లేదు వాడికి. చివర్లో అడ్జస్ట్ చేశాడు! నా సైట్లో టైల్స్ వేసేవాడు కూడా ఇలాగే చేస్తాడు. ఇది మెషీన్ పని కాదు. ఇది మనిషే."

పెన్సిల్ జేబులో పెట్టేసుకున్నాడు. కాంట్రాక్టరుకి తనే ఫోన్ చేసి మనుషుల్ని ఆపమన్నాడు. అప్పుడే జీపు తెప్పించుకుని మా ఇద్దర్నీ ఎక్కించుకుని సమాధి దగ్గరికి వెళ్ళాడు. లోపలికి వెళ్ళేముందు బూట్లు విప్పాడు. చీకట్లో తల పైకెత్తి ఒక్కో మూలకీ నడిచి చూశాడు.

"నాకేం కనిపించడం లేదు" అన్నాడు చివరికి, గుసగుసగా.

"ఉన్నాయి సర్" అంది ఆమె కూడా గుసగుసగానే. అక్కడ గట్టిగా మాట్లాడాలని ఎవరికీ అనిపించలేదు.

ఆమె కాంట్రాక్టు పొడిగించారు. చుక్కలు తుడిచే పద్ధతి ఆ వారమే ఆగిపోయింది. ఆ తర్వాత ఆయన ఒక మాట అన్నాడు: "మనం ఇన్నాళ్ళు శుభ్రం చేసి దాచినవాటిలో ఇంకేం పోయాయో?" చిన్న కెమెరాతో తీసిన ప్రతి చీకటి గదికీ నేనూ ఆ అమ్మాయీ మళ్ళీ వెళ్ళాం, ఈసారి మెడ విరిచే కెమెరాతో. చాలాచోట్ల మసే దొరికింది. రెండు మూడు చోట్ల దొరికినవి చూసి మాత్రం మళ్ళీ అలాగే తలలు పైకెత్తి నిలబడిపోయాం.

గుమ్మటం శుభ్రం చేయడానికి చాలా కాలం పట్టింది. ఉలి లేదు, గీకుడు లేదు, దూదీ మందునీళ్ళూ పెట్టి వేలెడు వేలెడు చొప్పున మసి తీశారు. నేను రిటైరయ్యాక ఆమె ఒకరోజు ఫోన్ చేసింది. ఇప్పుడు పెద్ద అధికారి అయినా నాతో మాటతీరు మారలేదు. "సార్, పని అయిపోయింది. మీరు చూడకుంటె ఎట్ల?" మా ఆవిడ కూడా వస్తానంది, ఆ దుప్పటి కథ వినీ వినీ విసిగిపోయి.

కెమెరా పట్టుకెళ్ళలేదు. ద్వారం దాటి లోపలికి వెళ్ళి తల ఎత్తాను. నీలం అంతా పైనుంచి నా మీదకి దిగింది. ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. ఇన్నేళ్ళూ తెర మీదా కాగితం మీదా చూసిన ఆకాశాన్ని నా సొంత కళ్ళతో చూస్తున్నాను. ఆ కంటి గుడ్డు లోపల వెలుగు పట్టే బిళ్ళ కూడా తపాలా బిళ్ళంతేనట, ఎవరో డాక్టరు చెప్పాడు.

మా ఆవిడ చుట్టూ తిరిగి చూసి, "ఆ మూల ఏంటండీ, చుక్కలు అంత ఇరుగ్గా పెట్టాడు?" అంది.

నేను ఆవిడ వేలు చూపించిన వైపు తిరిగాను. అప్పటిదాకా నేను వెతుకుతున్నది కూడా వాటినే.